కామెర్లు - నెత్తురు చెప్పు సాక్ష్యము

2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన రావికమతము చుట్టుపట్ల నేమి, తెలుగునాట మఱియెచ్చట నేమి, కన్నులు పచ్చబడినచో పెద్దలు పచ్చకామెర్లందురు, నేలయుసిరిని తలంతురు. ఆయుర్వేదమున దీనికి కామల యని పేరు. పూర్వులు రంగును చక్కగా గుర్తించిరి. రంగునకు మూలమెచ్చటనో తెలియుటకు నెత్తురును ప్రశ్నింపవలసి వచ్చినది.

1883లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, పైత్యరసమునకు రంగునిచ్చు బిలిరుబినును పట్టియిచ్చు రసాయనమును కనుగొనెను. 1916 నాటికి హాలండు వైద్యుడు వాన్ డెన్ బర్గ్ దానిని నెత్తుటిపై ప్రయోగించి రెండు తెఱగులను గుర్తించెను. ఆల్కహాలు కలుపకయే రంగు తేలునది డైరెక్టు. కలిపిన పిమ్మట తేలునది ఇండైరెక్టు. నేటి రిపోర్టులలోని మాటలు ఇవియే. నశించిన ఎఱ్ఱకణములనుండి పుట్టి, కాలేయము ఇంకను మార్పనిది ఇండైరెక్టు, మార్చినది డైరెక్టు. మొదటిది హెచ్చినచో ఎఱ్ఱకణములు మితిమీఱి నశించుచుండవచ్చును. రెండవది హెచ్చినచో కాలేయమునకు దెబ్బనో, పైత్యనాళమున అడ్డంకినో వైద్యుడు శంకించును.

1955లో న్యూయార్కునందు వ్రోబ్లెవ్‌స్కీ, లాడ్యూ అను వైద్యులు, గాయపడిన కాలేయకణములనుండి ఎంజైములు నెత్తుటిలోనికి కాఱునని చూపిరి. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనునవి యివియే, నేడు ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి. అని వ్రాయుదురు. మొదటిది గుండెలోను, కండరములలోను గూడ నుండును. రెండవది ముఖ్యముగా కాలేయమునది. ఇవి గాయమును తెలుపునేకాని కాలేయపు శక్తిని కొలువవు. శక్తిని తెలుపునవి ఆల్బుమిను, నెత్తురు గడ్డకట్టు కాలము.

ఇంతకన్న గూఢమైనది హెపటైటిస్-బి. ఇది కన్నులు పచ్చబడకయే యేండ్లతరబడి కాలేయమును తినివేయవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్ 1965లో ప్రకటించిన ఆస్ట్రేలియా యాంటిజెనే దీని జాడ తెలిపినది; 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేడు హెచ్.బి.ఎస్.ఏ.జి. పరీక్ష యనునది దానినే వెదకును. 1997లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్, ఈస్టుకణముల సాయమున దీనికి టీకాను తయారుచేసెను. జన్యుమార్పిడి విధానమున భారతదేశమున తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా యదియే.

టీకా రాకముందే కాపాడునుగాని, వచ్చిన వ్యాధిని మాన్పదు. కావున గర్భిణులకు పరీక్షయు, పుట్టిన యిరువదినాలుగు గంటలలో బిడ్డకు టీకాయు తప్పక జరుగవలెను. కన్ను తెల్లగా నున్నదని మనము నిశ్చింతగా నుండరాదు. రిపోర్టులోని యంకెలను చూచి బెదరనురాదు. ఏ మాట దేనిని కొలుచునో తెలిసి వైద్యుని అడిగినవారికి చికిత్స సకాలమున అందును.