ఆకలైతుందా బిడ్డా?

బొంరాస్‌పేటలో మా ఇంట్లో ఎవరు మంచం పట్టినా మా నాయనమ్మ ముందుగా ఆకలి సంగతే అడిగేది. "ఆకలైతుందా బిడ్డా? ఏదీ, నాలుక చూపియ్యి" అనేది. నాలుక మీద తెల్లటి పూత ఉంటే ఆ పూట జొన్నరొట్టె, కందిపప్పు బంద్. శొంఠి కలిపిన పలుచటి మజ్జిగ ఇచ్చేది. ఆమెకు చదువు రాదు. ఆ ప్రశ్న మాత్రం మన వైద్యశాస్త్రంలో చాలా పాతది.

చరకసంహిత చికిత్సాస్థానం 15వ అధ్యాయం అరుగుదల చెడే గ్రహణి రోగాన్ని చెప్తూ ఆయువుకూ బలానికీ కడుపులో తిండిని అరిగించే జఠరాగ్నే ఆధారం అంటుంది. శరీరంలో అగ్నులు 13. జఠరాగ్ని ఒకటి, పంచభూతాలవి భూతాగ్నులు 5, సప్తధాతువులవి ధాత్వగ్నులు 7. మిగిలిన పన్నెండింటికీ జఠరాగ్నే అండ. దాని తీరు నాలుగు రకాలు. వేళకు తిన్నది వేళకు అరిగితే సమాగ్ని. ఒకరోజు అరిగి, ఒకరోజు ఉబ్బరం చేస్తే విషమాగ్ని, అది వాతం వల్ల. ఎంత తిన్నా మళ్లీ ఆకలి మండితే తీక్ష్ణాగ్ని, అది పిత్తం వల్ల. కొంచెం తిన్నా కడుపు బరువెక్కితే మందాగ్ని, అది కఫం వల్ల. అరగక మిగిలినదే ఆమం. రోగాలన్నిటికీ మందాగ్నే మూలమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో తేల్చాడు. అందుకే వైద్యుడు నాడి పట్టినా ఆకలి, దప్పిక, తేన్పు, విరేచనం, ఒంటి తేలికదనం గురించి అడగకుండా మందు ఇచ్చేవాడు కాదు. అగ్నిబలం చూసే మందు మోతాదు నిర్ణయించేవాడు.

తెలుగునాట ఈ విద్యను నిలబెట్టిన గ్రంథాల్లో బసవరాజీయం ముఖ్యమైనది. సంస్కృత శ్లోకాలకు తెలుగు తాత్పర్యం ఉండటంతో ఊరి వైద్యులకూ అందింది.

వానకాలంలో అగ్ని తగ్గుతుందని, తేలికగా తినాలని శాస్త్రం చెప్తుంది. మా దిక్కు ఆషాఢంలో తొలి ఏకాదశినాడు ఒక్కపొద్దు ఉంటారు. జొన్నపేలాలు విసిరి, బెల్లం కలిపి పేలాలపిండి తింటారు. పేలాలు తేలికగా అరుగుతాయనేది ఆయుర్వేదం మాట కూడా. పండుగ ఎందుకు పుట్టిందో ఏమో గానీ, ఆ తిండి మాత్రం ఆ కాలానికి సరిగ్గా సరిపోయింది.

ఈ అరుగుదలను కళ్లారా చూసిన డాక్టరూ ఒకడున్నాడు. 1822లో అమెరికాలో తుపాకి దెబ్బ తగిలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి కడుపుకు రంధ్రం పడింది, అది పూడలేదు. విలియం బోమాంట్ అనే డాక్టర్ ఆ రంధ్రం గుండా ఏళ్ల తరబడి జీర్ణక్రియను పరిశీలించి 1833లో పుస్తకం వేశాడు. తిండిని అరిగించేది జఠరరసమని, జ్వరంలో ఆ రసం ఊరడం తగ్గుతుందని రాశాడు. కొత్త జ్వరానికి లంకణం పెట్టిన మన వైద్యులు ఆ రసాన్ని కళ్లతో చూడలేదు. రోగిని మాత్రం శ్రద్ధగా చూశారు. అయినా అన్ని రోగాలనూ ఒక్క అగ్నికి ముడిపెట్టడం ఇవాళ నిలవదు. కడుపుపుండ్లలో చాలావాటికి కారణం ఒక సూక్ష్మజీవి అని 1980లలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు.

కాబట్టి నాది ఒకటే విన్నపం. ఆకలి చచ్చిపోయి బరువు తగ్గుతుంటే, విరేచనంలో రక్తం పడుతుంటే శొంఠితో కాలం గడపకండి, దవాఖానకు పొండి. మిగిలిన రోజుల్లో గడియారం చూసి కాదు, ఆకలి చూసుకొని కంచం ముందు కూర్చోండి.