మూడు నిమిషాలు దాటిన మాట

నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది 1979లో. ఊరి పేరు వద్దు, కోస్తాలో ఒక మాదిరి పట్నం. హెడ్‌సెట్ తగిలించుకుని బోర్డు ముందు కూర్చుంటే ఎదురుగా వరసలు వరసలుగా చిన్న దీపాలు. దీపం వెలిగితే కార్డు, అంటే తీగ, గుచ్చాలి, నంబరు అడగాలి, కలపాలి. ట్రంక్ కాల్ అయితే మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి, "త్రీ మినిట్స్ అయింది, పొడిగించమంటారా?" అనాలి. అవతల కన్నకూతురు ఏడుస్తున్నా అడగాల్సిందే.

1984లో ఒక నైట్ డ్యూటీ. డైరెక్టరీ ఎంక్వైరీ 197కి ఒకావిడ ఫోన్ చేసింది. ఏదో పల్లెటూరి పేరు చెప్పి, ఫలానా వారింటి నంబరు కావాలంది. "ఆ ఊళ్లో అసలు ఫోనే లేదమ్మా" అన్నాను. "తెలుసమ్మా. మా పుట్టిల్లు. ఊరికే అడిగాను" అంది. పెట్టేయలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది. బోర్డు మీద అప్పటికే మూడు దీపాలు వెలుగుతున్నాయి. కార్డు లాగేశాను.

ఆవిడ ఎవరో, ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. రిటైరయ్యాక, బాధలో ఉన్నవాళ్ల మాట వినే ఒక హెల్ప్‌లైన్‌లో వాలంటీరుగా చేరానంటే ఆ లాగేసిన కార్డే కారణం. ఇలాంటి ఫోను అసలు ఎలా పుట్టిందా అని చదవడం మొదలుపెట్టిందీ అందుకే.

చాడ్ వారా అనే ఇంగ్లిష్ పాస్టరు 1935లో, లింకన్ పట్టణంలో, తన మొట్టమొదటి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది పద్నాలుగేళ్ల పిల్ల. తొలిసారి బహిష్టు అయితే అదేదో సుఖవ్యాధి అనుకుని ప్రాణం తీసుకుంది. మన ఊళ్లలో పిల్ల పెద్దమనిషయితే చిమ్మిలి దంచి, పేరంటాళ్లను పిలుస్తారు. ఆ హడావుడి మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి గానీ, ఇది రోగం కాదన్న సంగతి మాత్రం పిల్లకు తెలుస్తుంది. ఆ లింకన్ పిల్లకు అడగడానికి ఒక్క మనిషి దొరకలేదు. చాడ్ వారా ఆ సంగతిని జీవితాంతం మరిచిపోలేదు.

1953లో ఆయనకు లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చి అప్పగించారు. యుద్ధంలో బాంబుల దెబ్బ తిన్న చర్చి అది. చావాలనుకునేవాళ్లు ముందు తనకు ఫోన్ చేయాలని ప్రకటన ఇవ్వాలనుకున్నాడు. అక్కడి అత్యవసర నంబరు 999 లాగా నోటికి పట్టే నంబరుంటే బాగుంటుందని, ఆ ప్రాంతపు ఎక్స్‌ఛేంజి మాన్షన్ హౌస్ కాబట్టి ఎం, ఏ, ఎన్ అక్షరాల తర్వాత 9000 అడుగుదామనుకున్నాడు. చర్చిలోని ఫోనెత్తి ఎక్స్‌ఛేంజిని అడిగితే, మీరిప్పుడు ఏ నంబరు నుంచి మాట్లాడుతున్నారని ఆపరేటర్ అడిగింది. డయల్ మీద దుమ్ము తుడిచి చూశాడు. మాన్ 9000! ఇది ఆయన స్వయంగా చెప్పిన కథే. తొలి కాల్ వచ్చింది 1953 నవంబరు 2న.

ఆపరేటర్‌గా పనిచేసినదాన్ని కనక నాకు ఇంకో సంగతి తోస్తుంది. లండన్‌లో అప్పటికే ఆటోమేటిక్ డయలింగ్ వచ్చేసింది. మధ్యలో మాలాంటి చెవి లేదు. ఆ దేశంలో 1961 దాకా ఆత్మహత్యాయత్నం నేరం. వినేది ఒక్కడే అన్న ధైర్యం లేకపోతే ఎవరు నోరు విప్పుతారు?

కాల్స్‌తో పాటు మనుషులూ వచ్చారు. వాళ్లు పాస్టరుగారి కోసం వరసలో కూర్చుంటే, సాయానికి వచ్చిన మామూలు జనం టీ కాచి ఇచ్చి, పక్కన కూర్చుని కబుర్లు వినేవారు. కొన్నాళ్లకు ఆయన ఒక వింత గమనించాడు. టీ తాగినవాళ్లలో చాలామంది ఆయన్ను కలవకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరి 2న ఫోనును ఆ టీ ఇచ్చినవాళ్ల చేతికే అప్పగించేశాడు. నా దృష్టిలో హెల్ప్‌లైన్ నిజంగా పుట్టింది ఆ రోజే. చదువుకున్న పెద్దమనిషి తన కుర్చీ వదిలి పక్కకు జరగడం చిన్న విషయం కాదు. పైగా మతం బోధించకూడదని నియమం పెట్టింది కూడా ఆ పాస్టరే. డైలీ మిర్రర్ పత్రిక వాళ్లకు అప్పటికే, 1953 డిసెంబరులో, బైబిల్లోని మంచి సమరయుడి పేరు పెట్టింది. 'సమారిటన్స్' అన్న పేరు అలా నిలిచిపోయింది.

మన దేశంలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో మద్రాసులో 'స్నేహ' మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో 'రోష్ని' 1997లో వచ్చింది. అప్పట్లో మన చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడ్డవాళ్లను 309 సెక్షన్ కింద నిందితులుగానే చూసేది, ఏడాది దాకా జైలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకుండా చూడాలని అంది.

నేను విన్న కాల్స్ గురించి ఒక్క ముక్క కూడా రాయను, అది మేమిచ్చిన మాట. ట్రైనింగ్ సంగతి చెప్పగలను. ఒకమ్మాయి కాలర్‌గా నటిస్తోంది, నేను వింటున్నాను. తను మాట్లాడడం ఆపగానే నా నోట్లోంచి "ధైర్యంగా ఉండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అని వచ్చేసింది. నేర్పే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఆగింది తను. అయిపోలేదు. మీరెందుకు తొందరపడ్డారు?" ముప్పయ్యేళ్ల అలవాటు, మౌనమంటే లైను ఖాళీ అని. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆగినప్పుడు నేనూ ఆగాను. గోడ గడియారం చప్పుడు వినపడింది. తర్వాత ఆ పిల్ల చెప్పింది, నటనే అయినా, అంతకుముందు చెప్పనిది.

ఇప్పుడు టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చావు ఆలోచన దాకా రానక్కర్లేదు, నిద్ర పట్టకపోయినా చేయండి. ఏం మాట్లాడాలో తోచకపోతే, లేని నంబరేదో అడిగినట్టే ఊరికే చేశానని చెప్పండి. అవతలివాళ్లకు అది చాలు.