నెట్టంతా ఎవరు తాగేస్తున్నారు?

ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి హాస్టల్ వార్డెన్ దాకా నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నెట్టంతా ఎవరండీ తాగేస్తున్నారు?" ఈ ప్రశ్నకు గ్రాఫు గీసి జవాబు చెప్పే అలవాటుకు మూలం వెతికితే ఇంగ్లండులోని లెస్టర్ దాకా వెళ్లాలి. 1994లో అక్కడి డీ మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో టోబియాస్ ఓటికర్ అనే ఆయన పనిచేసేవాడు. బయటి ప్రపంచానికి ఉన్నది 64 కిలోబిట్ల లైను ఒక్కటే. అది ఎంత నిండిందో తెలుసుకోవాలని అందరికీ ఆత్రం. ఆయన పెర్ల్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి, 1995లో అందరికీ ఇచ్చేశాడు. అదే ఎంఆర్‌టీజీ.

అందులో కిటుకు చాలా తేలిక. రౌటర్ తన ప్రతి పోర్టు గుండా ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ అంకెను దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతి, ఎస్‌ఎన్‌ఎంపీ, 1988 నుంచే ఉంది. (1990లో జాన్ రామ్‌కీ అనే ఆయన ఒక ప్రదర్శనలో ఇదే పద్ధతితో రొట్టెలు కాల్చే టోస్టర్‌ను ఆన్ చేసి చూపించాడు. ఇప్పటి స్మార్ట్ బల్బులవాళ్లు ఆయనకు ఒక దండం పెట్టుకోవాలి.) ఎంఆర్‌టీజీ ప్రతి 5 నిమిషాలకూ ఆ అంకెను అడుగుతుంది, పాతదాన్ని కొత్తదాంట్లోంచి తీసేసి, కాలంతో భాగించి గ్రాఫు గీస్తుంది. లోపలికొచ్చేది ఆకుపచ్చ, బయటికెళ్లేది నీలం గీత. పాతబడినకొద్దీ లెక్కలను కుదించేస్తుంది: 5 నిమిషాలవి అరగంటకు, అరగంటవి రెండు గంటలకు, ఆపైన రోజుకు. అందుకే ఏళ్లు గడిచినా ఫైలు ఉబ్బదు. చిన్న రౌటర్ డబ్బాల్లో గ్రాఫులు దాచుకోవడానికి తరవాతివాళ్లకు పనికొచ్చిన తెలివి ఇదే.

ఇదంతా కాలేజీలు, కంపెనీల గొడవ. ఇళ్లలో ఈ లెక్క మొదలైంది డబ్బుల వల్ల. 2004 అక్టోబరులో కేంద్రం తెచ్చిన విధానం 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే అంది. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ వచ్చింది. మా వీధిలో ఎక్కువమంది తీసుకున్నది 250 రూపాయల ప్లాను, నెలకు 400 ఎంబీ. సెకనుకు 32 కిలోబైట్ల చొప్పున ఆపకుండా లాగినా 400 ఎంబీ అయిపోవడానికి మూడున్నర గంటలు పట్టేది. 2007 జనవరి నుంచి వేగం 2 ఎంబీపీఎస్ అయింది. అందరూ సంబరపడ్డారు. అదే లెక్క మళ్లీ వేస్తే 400 ఎంబీ 27 నిమిషాల్లో హారతి కర్పూరం. వేగం పెరిగితే లెక్క చూసుకోవడం తగ్గాలి కదా, పెరిగింది! 500 ప్లానువాళ్లకు తెల్లవారుజాము 2 నుంచి 8 దాకా లెక్క లేదు కాబట్టి, సినిమాలు దించుకునే కుర్రాళ్లు అలారం పెట్టుకుని లేచేవాళ్లు. పరీక్షలకు కూడా అంత భక్తిగా లేచి ఉండరు.

మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు ఆ రోజుల్లో ఒక నోటుపుస్తకం పెట్టారు. రోజూ రాత్రి బ్రౌజర్లో 192.168.1.1 కొట్టి, మోడెం పేజీలో కనిపించే బైట్ల అంకెను ఎర్ర సిరాతో ఎక్కించేవారు. ఒకనాడు గోడ మీంచి పిలిచారు.

"ఏమోయ్, నిన్నటికి నూటపది ఎంబీ. ఇవాళ చూస్తే మూడు. మీటరు వెనక్కి తిరుగుతుందా?"

"మధ్యాహ్నం కరెంటు పోయింది కదండీ మాస్టారూ. ఆ అంకె మోడెం జ్ఞాపకంలో ఉంటుంది, ఆపితే పోతుంది."

"అయితే కోతకు ముందే రాసుకోవాలన్నమాట," అని, పత్రికలో వచ్చిన కోతల వేళలు చూసి ఆ ప్రకారం రీడింగు తీయడం మొదలుపెట్టారు. నేను చూసినవాళ్లలో పద్ధతిగా లెక్క రాసిన మనిషి ఆయనొక్కరే.

ఆ అంకెకు ఇంకో జబ్బుంది. పాత కౌంటర్లు 32 బిట్లవి. 4,294,967,295 దాటితే మళ్లీ సున్నా. 10 ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే 57 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతుంది. 100 అయితే ఆరు నిమిషాలు కూడా పట్టదు, గిగాబిట్ అయితే 34 సెకన్లే. మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో 5 నిమిషాలకోసారి అడిగేవాడికి తెలిసే దారి లేదు. అందుకే 64 బిట్ల కౌంటర్లు వచ్చాయి.

ఒక్క కంప్యూటరే ఉన్నప్పుడు దాంట్లో డీయూ మీటర్ లాంటిది వేసుకుంటే సరిపోయేది. రెండో కంప్యూటరు, వైఫై వచ్చాక లెక్క చెదిరింది. ఇంట్లో ఎన్ని యంత్రాలున్నా బయటికి కనిపించే అడ్రసు ఒక్కటే కాబట్టి, కంపెనీకి మొత్తం తెలుస్తుంది కానీ ఎవరెంత వాడారో తెలియదు. అది చెప్పగలిగేది రౌటర్ ఒక్కటే. దాన్ని మాట్లాడించిన కథ 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీతో మొదలవుతుంది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనక రెండు కొమ్ములు. మరుసటి ఏడాది కొందరు తవ్వి చూస్తే లోపల ఉన్నది లినక్స్ అని తేలింది. లినక్స్ వాడితే దాని లైసెన్సు, జీపీఎల్, షరతు ప్రకారం మూలం బయటపెట్టాలి. అప్పటికే లింక్‌సిస్‌ను కొన్న సిస్కో మీద ఒత్తిడి వచ్చి, 2003లోనే కోడు బయటికొచ్చింది. దాని మీద 2004లో, కంపెనీ ఇచ్చినదాని బదులు రౌటర్లో ఎక్కించుకునే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేచింది, తరవాత డీడీ-డబ్ల్యూఆర్‌టీ. 2006లో జొనాథన్ జరాటే అలాంటిదే టొమాటో ఇచ్చాడు.

నాకు టొమాటో అంటే పక్షపాతం, దాచను. 200 మెగాహెర్ట్జ్ చిప్పు, 16 ఎంబీ ర్యాము, 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ మోడల్లో అది కళ్లముందే కదిలే గ్రాఫు గీసేది. రోజువారీ, నెలవారీ పట్టికలు విడిగా ఉండేవి. కరెంటు పోతే లెక్క పోకుండా చరిత్రను ఫ్లాష్‌లోనో, నెట్‌వర్కులో ఉన్న వేరే కంప్యూటర్లోనో దాచమనవచ్చు. మాస్టారికి కావలసింది ఇదే. కాకపోతే ఫ్లాష్ మీద ఊరికే రాస్తూ ఉంటే అది అరిగిపోతుంది కాబట్టి, ఎన్ని గంటలకోసారి రాయాలో మనమే చెప్పుకోవాలి.

మొదటి పేజీలోనే సీపీయూ లోడు, మిగిలిన ర్యాము కనిపించేవి. వాటి విలువ నాకు టోరెంట్ల కాలంలో తెలిసింది. ఒక ఇంట్లో గ్రాఫు నేలబారుగా ఉంది, నెట్ మాత్రం లేదంటారు. రౌటర్ ప్రతి కనెక్షన్నూ ఒక పట్టికలో రాసుకుంటుంది. టోరెంటు వందల కనెక్షన్లు తెరిచి పట్టిక నింపేస్తే, కొత్తగా వచ్చినవాడికి చోటుండదు. లైను ఖాళీ, తలుపు మూత. ఆపి ఆన్ చేస్తే బాగుపడేది పట్టిక ఖాళీ అవుతుంది కాబట్టే.

గ్రాఫుకు అసలు కనిపించని జబ్బును 2010లో బయటపెట్టినవాడు జిమ్ గెటిస్. తన ఇంటినుంచి పెద్ద ఫైళ్లు పంపుతుంటే మిగతా పనులన్నీ నత్తనడక నడుస్తున్నాయి. వెతికితే దోషం మోడెంలో ప్యాకెట్లు వరసలో ఆగే బఫర్లది. మెమరీ చవకైందని తయారీదార్లు బఫర్లు పెంచుకుంటూ పోయారు. తిరుమలలో ఇంకో పది కంపార్ట్‌మెంట్లు కట్టినంత మాత్రాన దర్శనం త్వరగా అవదు, లోపల కూర్చునేది పెరుగుతుంది. ఇదీ అంతే. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరొచ్చింది. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే మందు రాశారు: క్యూ ఎంత పొడుగుందని చూడకుండా, ప్యాకెట్టు అందులో ఎంతసేపు నిలబడిందో చూడాలి. 5 నిమిషాల సగటులో ఈ నిలబడటం కనిపించదు. వీడియో కాల్ తెగుతున్న ఇంట్లో నేను ఇప్పుడు గ్రాఫు తెరిచేముందు, ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి పక్కన పింగ్ కొట్టిస్తాను. 20 మిల్లీసెకన్లలో వచ్చే జవాబుకు 800 పడితే జబ్బు ఇదే, ఇక గ్రాఫుతో పనిలేదు.

అయితే క్యూ సరిదిద్దాలన్నా, ఎవరెంత వాడారో లెక్కించాలన్నా ప్రతి ప్యాకెట్టూ సీపీయూ కళ్లముందు నడవాలి. ఫైబర్ వచ్చాక ఇది కొత్త చిక్కు అయింది. వందల ఎంబీపీఎస్ మోయలేని చిన్న సీపీయూకు సాయంగా, తయారీదార్లు ప్యాకెట్లను హార్డ్‌వేర్ దారిలో పక్కనుంచి పంపేస్తున్నారు. దాన్ని ఆఫ్‌లోడింగ్ అంటారు. చాలా రౌటర్లలో ఆ దారిన పోయింది లెక్కలోకి రాదు. హాల్లో సినిమా నడుస్తూనే ఉంటుంది, ఆ టీవీ పేరు ఎదురుగా సున్నా. ఆఫ్‌లోడింగ్ ఆపేస్తే లెక్క తిరిగొస్తుంది, కానీ గిగాబిట్ లైను మీద చిన్న రౌటర్ సీపీయూ నూటికి నూరు చూపించి వేగం పడిపోతుంది. మా ఇంట్లో ఉన్నది 100 ఎంబీపీఎస్ లైనే కాబట్టి ఆఫ్‌లోడింగ్ ఆపేశాను. గిగాబిట్ పెట్టించుకున్న మా అబ్బాయి ఇంట్లో లెక్క వదిలేశాం.