తొలకరికి లేచే రెక్కల పురుగు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చెల్కల్లో జొన్న, ఆముదం పండించిన కాలంలో తొలకరి వెంటే ఒక గుబులూ వచ్చేది. నేల బాగా తడిసిన రెండు మూడు రోజులకు, పొద్దుగూకే వేళ, మట్టిలోంచి తెల్లటి రెక్కల పురుగులు లేచేవి. తల్లి పురుగు ఆకు అడుగున వందల గుడ్లు గుంపుగా పెట్టేది. వాటిలోంచి వచ్చేవే ఎర్ర గొంగళి పురుగులు, పల్లెల్లో బొంత పురుగులంటారు. ఒక చేను గీకేసి, దండు కట్టి పక్క చేనుకు నడిచేవి. మొలక పోతే మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు.

ఎదిగిన గొంగళికి ఒళ్లంతా దట్టమైన వెంట్రుకలే. ఏ మందు చల్లినా ఒక పట్టాన చావదు. దాని ఆయువుపట్టు వేరే దశలో ఉంది. నెల, నెలన్నర మేశాక అది గట్ల మీద, చెట్ల కింద మట్టిలోకి దిగి ప్యూపాగా మారుతుంది. దాదాపు పది నెలలు తిండీ కదలికా లేకుండా అలాగే ఉంటుంది. రూపం మారేది అక్కడే. గొంగళి కండరాలు, పేగు చాలావరకు కరిగిపోతాయి. పురుగులో ముందునుంచే నిద్రాణంగా ఉన్న కణాల ముద్దలు రెక్కలుగా, కొత్త కాళ్లుగా, మీసాలుగా పెరుగుతాయి. నాడీ మండలం మాత్రం పూర్తిగా చెరిగిపోదు, కొత్త ఒంటికి తగ్గట్టు సర్దుకుంటుంది.

ఈ మార్పును నడిపేదేమిటో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్ 1917లో గొంగళి పురుగుల మెదడు తీసి చూశాడు. తగిన సమయానికి ముందే తీస్తే అవి ప్యూపాలు కాలేదు. మెదడు నుంచి ఏదో రక్తంలోకి చేరుతోందని ఆయన గ్రహించాడు. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి తీయగలిగిన, ఈ రూపమార్పును నడిపే ఎక్డైసోన్ హార్మోన్ 25 మిల్లీగ్రాములే.

మన మెట్ట రైతుకు ఈ జీవితచక్రమే ఆయుధమైంది. 1989–93 మధ్య హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, వ్యవసాయ శాస్త్రవేత్తలతో, స్వచ్ఛంద సంస్థలతో కలిసి, మందు లేకుండా ఈ పురుగును అదుపు చేసే పని చేపట్టింది. వేసవి దుక్కి దున్నితే ప్యూపాలు బయటపడి ఎండకు మాడతాయి, పక్షుల పాలవుతాయి. తొలి వాన తర్వాత మంటలు వేస్తే రెక్కల పురుగులు గుడ్లు పెట్టకముందే వచ్చి పడతాయి. దండు నడిచే దారిలో కందకం తవ్వి, జిల్లేడు, నాటు ఆముదం కొమ్మలు ఎరగా వేస్తారు. అయితే ఒక్క రైతు మంట వేస్తే లాభం లేదు. రెక్కల పురుగుకు చేను హద్దు లేదు కాబట్టి ఊరంతా ఒకే రాత్రి కదలాలి. నా దృష్టిలో ఆ ప్రయత్నంలో అసలు గొప్పతనం ఈ కట్టుబాటే.

పురుగుమందులు లేని సేద్యానికి తెలుగునాట గట్టి పునాది అక్కడే పడింది. ఆ బాటలోనే అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పత్తిలో సైతం పురుగుమందులు మానేసింది. తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా జిల్లా జిల్లాకూ తీసుకెళ్లింది.