కంప్యూటరు తెరపై మన అక్షరము

మన బీదరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. పొరుగుననున్న జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నాటినుండి ఇచ్చటి తెలుగు కుటుంబములవారు ఇంట తెలుగును, బడిలోను కచేరీలోను కన్నడమును వాడుచు వచ్చిరి.

మేము గుమాస్తాగిరి చేయు కాలమున కచేరీకి కంప్యూటరు వచ్చెను. పేర్ల పట్టికలన్నియు ఇంగ్లీషు అక్షరములలోనే ఎక్కించితిమి. కల, కళ, కాల అను మూడు మాటలును అందు ఒక్క తీరుననే కనబడుచుండెను. మన ఇంటిపేర్లు మనమే పోల్చుకొనలేని స్థితి ఏర్పడెను. దోషము మాది కాదు, తెరను నడపు చిప్పుది.

1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరునందు తెర పనికై ప్రత్యేకముగా ఒక కార్డుండెను. దానిపై మోటరోలా 6845 అను చిప్పు గలదు. తెరపై 25 వరుసలు, వరుసకు 80 గళ్లు, గడికొక అక్షరము. 256 రూపములు మాత్రమే ఆ కార్డున స్థిరముగా చెక్కబడియుండెను. ఇంగ్లీషునకు అవి చాలును. మన లిపిలోనో గుడి పైకెక్కును, వత్తు క్రిందికి దిగును. క, కి, క్క, క్ర ఒక్కొక్కటి ఒక్కొక్క రూపము. గడిలో ఇమడవు.

కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.ఎం.కె. సిన్హా గారును, మోహన్ తాంబే గారును ఈ చిక్కును విప్ప పూనుకొనిరి. వారి కృషి 1988లో పుణెలో నెలకొన్న సి-డాక్ సంస్థయందు జిస్ట్ కార్డుగా ఫలించెను. దానిని కంప్యూటరులో అమర్చినచో, వర్డ్‌స్టార్, డిబేస్ వంటి ఇంగ్లీషు ప్రోగ్రాములలోనే తెలుగు కనబడెడిది. ప్రోగ్రామును మార్చ పనిలేదు.

ఇందలి మర్మమేమనగా, వారు రూపమునకు గాక ధ్వనికి సంఖ్య నిచ్చిరి. 1991లో ప్రమాణముగా వెలువడిన ఇస్కీ పద్ధతిలో క అనగా 179, పొల్లు అనగా 232. కావున క్క అనగా 179, 232, 179. వత్తును అడుగున చేర్చుట కార్డు పని. తెలుగు కకును కన్నడ కకును సంఖ్య ఒక్కటే. లిపి మార్చినచో అదే మాట రెండవ లిపిలో కనబడును. రెండు లిపులకును మూలమొక్కటే యని పెద్దలు చెప్పిన సంగతిని యంత్రమును అంగీకరించినట్లయినది.

పాత కంప్యూటర్లతో ఆ కార్డు మరుగుపడెను. ఆ క్రమము నిలిచెను. నేటి యూనికోడునందు తెలుగు క 3093, కన్నడ క 3221. నడుమ 128 స్థానముల యెడము. తక్కిన హల్లులకును అదే యెడము.

నేడు మన పిల్లల ఫోనులలో రెండు లిపులును గలవు. కార్డు కొనవలసిన పనిలేదు. అయినను శుభలేఖలను, తాతల పేర్లను ఇంగ్లీషు అక్షరములలోనే వ్రాయుచున్నారు. నాడు చిప్పుకు చేతకాక వ్రాసితిమి. నేడు మనమే వలదనుకొని వ్రాయుచున్నాము. ఇంటివారి పేర్లనైనను తెలుగున వ్రాయుడని పిల్లలకు నేర్పుట మన విధి.