మన కప్పులలోని గబ్బిలములు: వాని చరిత్రయు, మన కర్తవ్యమును



నాటల్ సీమలో మనవారి పాతయిల్లు గాని, పాతగుడి గాని యేదైనను, దాని రేకుల కప్పులో గబ్బిలములు చేరని చోటు అరుదు. సాయంకాల దీపారాధనవేళ అవి రేకుల యంచునుండి యొక్కొక్కటిగా జారి చెరకుతోటల వైపు పోవుచుండును. అప్పుడప్పుడు దారితప్పి యొకటి మండపములోనికి వచ్చి గిరగిర తిరుగును. స్త్రీలు కొంగు తలపై కప్పుకొందురు. పిల్లలు కేకలు వేయుదురు. ఎవరో యొకరు చీపురు తెత్తురు. ఈ విషయము స్వల్పముగా తోచవచ్చును. కాని దీనిలో మన పెద్దల చరిత్రయు, మన బిడ్డల క్షేమమును, నోరులేని ప్రాణుల బ్రతుకును ఇమిడియున్నవి. కావున తెలిసినంతమేరకు వ్రాయుచున్నాము.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బన్ రేవు చేరెను. నాడు మొదలు 1911వ సంవత్సరమువరకు గిరిమిట్టు ఒప్పందముపై ఈ సీమకు వచ్చినవారు దాదాపు 1,52,000 మంది. వారిలో విశాఖపట్టణము, గోదావరి, చిత్తూరు మున్నగు ప్రాంతముల తెలుగువారు వేలకొలదిగా గలరు. తోటల యజమానులు వీరికి బరాకులను వరుసయిండ్లు కట్టించిరి. సన్నని కఱ్ఱచట్రము, దానిపై ముడతల యినుపరేకు. అంతకుమించి యేమియు లేదు. గుడులును అట్టివే. మొదట తడికె గోడలు, మట్టిపూత, గడ్డికప్పు. పిమ్మట కఱ్ఱయు రేకును. చేతిలో నాలుగు కాసులు చేరిన తరువాతనే యిటుకగోడలు. ఇటుకగుడులపైనను పెక్కింట రేకుల కప్పే నిలిచెను.

ముడతలరేకు కఱ్ఱదూలముపై ఎన్నడును పూర్తిగా అతుకుకొనదు. ప్రతి ముడతక్రిందను వ్రేలుపట్టునంత సందుండును. గబ్బిలమునకు సగము అంగుళము సందు చాలును. ఈ సీమలోని యిండ్లలో మిక్కిలిగా కాపురముండునవి తోక రెక్కపొరను దాటి బయటికి పొడుచుకొనియుండు జాతులు. వానిలో చిన్నజాతి తూకము తులమునకు అటునిటు. పెద్దజాతి దానికి రెండు మూడింతలు. పగటివేళ రేకులక్రింద 40 డిగ్రీలు దాటిన వేడిని సయితము అవి ఓర్చుకొనగలవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఏ వేడిలో మన అవ్వలు తాతలు నిద్రలేక వేగిరో ఆ వేడియే వానికి హితమయ్యెను. గబ్బిలము మన యింటికి దౌర్జన్యముగా వచ్చినది కాదు. చౌకగా కట్టిన కప్పు దానికి తలుపు తెఱచియిచ్చెను.

పెద్దలు వానిని వెడలగొట్టుటకు వేపాకు దొరకనిచోట తడిగడ్డి పొగ వేసిరి. సందులలో ముండ్లకంప కుక్కిరి. తరువాతి తరమువారు నాఫ్తలీను ఉండలు పెట్టిరి. పొగ యారిన రెండవనాడే అవి మరల వచ్చుచుండెను. ఇందులో గమనింపదగినది యొకటి కలదు. నాటల్ లో చెరకునరకుట, గానుగ ఆడుట సాధారణముగా ఏప్రిలునందు మొదలై డిసెంబరునందు ముగియును. తోటపనివానికి ఇల్లు బాగుచేసికొనుటకు తీరిక చిక్కునది డిసెంబరు పిమ్మటనే. సరిగా ఆ నెలలలోనే గబ్బిలములు పిల్లలను పెంచును. నవంబరు మొదలు మార్చి, ఏప్రిలువరకు ఎగురలేని కూనలు కప్పులోనుండును. తల్లి రాత్రి మేతకుపోయి తిరిగివచ్చి పాలిచ్చును. అట్టి కాలమున సందు మూసినచో కూనలు లోపల ఆకలితో చచ్చి దుర్గంధమెత్తును. తల్లులు బిడ్డలకొఱకు వేరుదారి వెదకుచు గదులలోనికి దిగును. మూసినకొలది గబ్బిలములు ఇంటిలోనికి వచ్చుచున్నవని పెద్దలు వాపోవుటకు కారణమిదియే యని మా తలంపు. తప్పు వారిది కాదు. తోట గంట వారికి వేరు నెల నీయలేదు.

ఇక శకునమాట. గబ్బిలము ఇల్లు చొచ్చిన కీడగునని, శాంతి చేయింపవలెనని అర్చకులమైన మమ్ము నేటికిని అడుగుచున్నారు. గబ్బిలములు పాడుపడిన యిండ్లలో చేరుట లోకమెఱిగినదే. ఇల్లు పాడైన పిదప గబ్బిలము వచ్చును. గబ్బిలము వచ్చుటచే ఇల్లు పాడుకాదు. కార్యమును కారణముగా భ్రమించుటచే ఈ భయము పుట్టియుండును. దీపము పెట్టి నామస్మరణ చేయుట యెప్పుడును మంచిదే; కాని దానికి ముందు కప్పుసందు చూచుకొనుడని మేము చెప్పుచున్నాము. అమరకోశము దీనికి అజినపత్ర యను పేరిచ్చెను. తోలే రెక్కగా గలదని యర్థము. ఆ పేరు చూచినదానిని చూచినట్లు చెప్పుచున్నది; అందు అపశకునపు ఊసు లేదు.

మన సాహిత్యములో దీనికి మిక్కిలి గౌరవమొసగినవాడు గుఱ్ఱము జాషువ. 1941లో వెలువడిన గబ్బిలము అను కావ్యమున అంటరానివాడని దూరముగా నెట్టబడిన నిరుపేద యొకడు తన గోడు శివునితో చెప్పుమని గబ్బిలమును వేడుకొనును. ఏలయనగా గుడిలోనికి గబ్బిలము పోవచ్చును, అతడు పోరాదు. ఓడలో నానాకులములవారితో కలిసి యీ యొడ్డు చేరినవారి సంతతి ఈ కథను చదివినచో గుండె కరగక మానదు. తామే తడికెలల్లి, రేకులు మోసి, తమ గుడి తామే కట్టుకొన్నవారి బిడ్డలము మనము. మన కప్పున వ్రేలాడు ప్రాణిని చూచునపుడు ఆ పేదవాని మాట మఱువరాదు.

గబ్బిలము తలవెండ్రుకలలో చిక్కుకొనునను భయమునకు శాస్త్రము సమాధానమిచ్చెను. 1793లో ఇటలీదేశీయుడగు స్పలాంజాని, కన్నులు పోయిన గబ్బిలములును దారితప్పక ఎగురుటను కనిపెట్టెను. మఱుసటి యేట జెనీవా నగరపు జురీన్ చెవులు మూసినచో అవి అడ్డములకు తగులుకొనునని చూపెను. కాని కారణము తేలుటకు దాదాపు నూటయేబది యేండ్లు పట్టెను. గబ్బిలము మన చెవికందని సన్నని కూతలుకూసి, ప్రతిధ్వని విని త్రోవ తెలిసికొనునని 1938వ సంవత్సరము మొదలు అమెరికాలో గ్రిఫిన్ మున్నగువారు చేసిన పరిశోధనలచే నిశ్చయమయ్యెను. గదిలో తిరుగునది మన తలకొఱకు రాలేదు, బయటిదారికొఱకు వెదకుచున్నది.

అయినను జాలి వేరు, అజాగ్రత్త వేరు. 1970లో ఈ దేశపు ట్రాన్స్‌వాల్ సీమలో గబ్బిలము కఱచిన యొక మనుష్యుడు రేబిస్ వంటి జబ్బుతో మరణించెను. ఆ క్రిమికి డువెన్‌హాగె యను పేరు పెట్టిరి. 2006లో ఈ దేశముననే మఱియొకడు గబ్బిలపు గోటిగీతవలన అట్లే మరణించెను. 1980లో డర్బన్ ప్రాంతపు పండ్లగబ్బిలములలో అదే కుటుంబమునకు చెందిన లాగోస్ అను క్రిమి బయటపడెను. ఇట్టి మరణములు మిక్కిలి అరుదు. రేబిస్ మనకు ముఖ్యముగా కుక్కలవలననే వచ్చును. కాని జబ్బు పైకి కనబడిన పిమ్మట వైద్యము ఫలింపదు. కావున వట్టిచేతితో గబ్బిలమును ముట్టరాదు. కఱచినను గీరినను ఆ చోటును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. నిద్రించు పసిబిడ్డ గదిలో గబ్బిలము కనబడినచో, గాయము కనబడకున్నను వైద్యునకు చెప్పవలెను. ఆచారమో, ఖర్చో, సిగ్గో అడ్డువచ్చి ఆలస్యము చేయకుడు.

ఒక గబ్బిలము గదిలోనికి వచ్చినయెడల లోపలితలుపులు మూసి, బయటి కిటికీలును వాకిలియు బార్లా తెఱచి, దీపములార్పి, అందఱు వెలుపలికి రావలెను. తఱచుగా అది తానే పోవును. గోడపై వ్రాలియున్నచో దట్టమైన తోలుతొడుగు చేతికి వేసికొని, దానిపై డబ్బా బోర్లించి, వెనుక అట్టముక్క జరిపి బయటికి తీసికొనిపోవలెను. ఈ జాతులకు నేలపైనుండి లేచుట కష్టము. కావున గోడమీదనో చెట్టుబోదెపైననో ఎత్తున విడువవలెను. చీపురుతో కొట్టుటవలన అది క్రిందపడును, గాయపడును, పట్టబోయినవానిని కఱచును.

గుంపుగా కాపురమున్నచో సాయంకాలము వెలుపల నిలిచి అవి వెడలు సందును గుర్తింపవలెను. తక్కిన సందులన్నియు ముందుగా మూయవలెను. ఆ యొక్క సందునకు మాత్రము సన్నకంతల వలను పైనను ప్రక్కలను బిగించి, క్రింద వదులుగా ఒక మూర పొడవు వ్రేలాడదీయవలెను. లోపలివి ప్రాకి క్రిందినుండి బయటపడును. తిరిగివచ్చునవి సందుకడ వ్రాలి త్రోవ కానవు. వారము గడచి, ఏదియు వెలుపలికి రాకుండుట చూచిన పిమ్మట ఆ సందును మూయవలెను. ఇది మే మొదలు ఆగస్టువరకే చేయదగును. అటకపై పాతరెట్టను ఎండుగా ఊడ్వరాదు. దాని దుమ్ములో ఊపిరితిత్తులకు హానిచేయు బూజుజాతి క్రిమి యుండవచ్చును. నీరు చిలికి, ముక్కునోరు కట్టుకొని తీయవలెను.

వానిని చంపక పంపుటకు దయయొక్కటియే కారణము కాదు. మన పొరుగున స్వాజీలాండులో, అనగా నేటి ఎస్వాతినిలో, ఈ తోకగబ్బిలములను వెంబడించి చూచిన పండితులు అవి మేతకు చెరకుతోటలనే యెన్నుకొనుచున్నవని 2012లో ప్రకటించిరి. మన పెద్దలు పగలు వంగి పనిచేసిన చేలపై అవి రాత్రి పురుగులనేరుకొని తినుచున్నవి. వెలుపల వానికి చెక్కపెట్టె యొకటి ఎత్తున కట్టినచో అందులో చేరవచ్చును, చేరకపోవచ్చును; ప్రయత్నించుట మంచిది.

ఇప్పుడు మన ఆలయపు కప్పును మార్చవలసియున్నది. డిసెంబరు సెలవులలో చేతులెక్కువ దొరకునని, అప్పుడే రేకులు విప్పుదమని కొందఱు పెద్దలు చెప్పుచున్నారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. శ్రమదానమునకు వచ్చువారు ఉద్యోగములవారు. కాని డిసెంబరులో రేకు విప్పినచో కూనలతోగూడిన గూడు విప్పినట్లగును. తల్లులు గర్భగృహముననే చెదరును. భజనకు వచ్చు బిడ్డల చేతికి అవి చిక్కును. జూను, జూలై నెలల శనివారములను నాలుగింటిని ఇచ్చినచో పని ముగిసి, పురటాసి శనివారములకు గుడి సిద్ధముగా నుండును. గిరిమిట్టునాటి తాతలకు నెల యెన్నుకొను స్వాతంత్ర్యము లేకుండెను. మనకు కలదు. ఆ స్వాతంత్ర్యమును సరిగా వాడుదమని, వచ్చు సభలో ఈ విషయమును యోచింపవలెనని సభ్యులందఱిని కోరుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.