ఫకీరు తెచ్చిన పచ్చిగింజ

‘మీ ఇళ్లల్లో చాయ్ కదా, కాఫీ కూడా తాగుతారా?’ ఈ మాట అడిగేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. చాయ్ సాయిబులదనీ ఫిల్టర్ కాఫీ అగ్రహారానిదనీ ఎవరో ఎప్పుడో పంపకం చేసేశారు. ఆ పంపకంలో చరిత్రను మాత్రం ఎవరూ సాక్షిగా పిలవలేదు.

కాఫీ మాటే అరబ్బీ ‘ఖహ్వా’. టర్కీ, డచ్చి, ఇంగ్లీషు నోళ్లలో నలిగి మన దాకా వచ్చింది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రిపూట జిక్ర్‌లో నిద్ర రాకుండా దీన్ని తాగారు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి నిషేధించాడు. కైరో సుల్తాను ఆ నిషేధాన్ని ఎత్తేశాడు. మనవాళ్లలోనూ కాఫీని హరామన్నవాళ్లున్నారు, అదీ చెప్పుకోవాలి. జహంగీర్ కాలంలో వచ్చిన ఇంగ్లీషు పాదిరి ఎడ్వర్డ్ టెర్రీ, మద్యం ముట్టని నిష్ఠాపరులు ఇక్కడ కాఫీ తాగుతారని రాశాడు.

యెమెన్ వాళ్లు మొలకెత్తే గింజను రేవు దాటనిచ్చేవారు కాదనీ, ఉడకబెట్టో వేయించో అమ్మేవారనీ చెబుతారు. 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ ఏడు పచ్చిగింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు చంద్రగిరి కొండల్లో నాటాడని ఐతిహ్యం. గడ్డంలో దాచాడని కొందరు, నడుముకు కట్టుకున్నాడని కొందరు. ఏడు అన్నది లెక్క కాదు, పవిత్ర సంఖ్య. కొండకు మాత్రం ఆయన పేరే నిలిచింది: బాబాబుడన్‌గిరి.

మా విడపనకల్లులో కాఫీ పండదు. జిల్లాలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కాఫీకి దాదాపు మూడింతలు కావాలి. అయితే బళ్ళారి మాకు పక్కనే. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే. ఆ కొండల గింజ ఈ దారిన మా పొయ్యి దాకా రావడం వింతేమీ కాదు.

మంచి కాఫీ కావాలంటే పొడి కొనకండి, పచ్చిగింజే అడగండి. పొడిలో చికోరీ ఎంతో, పాత సరుకు ఎంతో కంటికి తెలియదు. పచ్చిగింజ ఏదీ దాచుకోలేదు. నీలిఛాయ తగిలిన ఆకుపచ్చ రంగు, ఇంచుమించు ఒకే పరిమాణం, ఎండుగడ్డి వాసన ఉండాలి. నల్లగింజ, పుచ్చుగింజ చేటలో ఏరేయాలి. ‘ప్లాంటేషన్ ఏ’ అంటే గుజ్జు తీసి కడిగి ఎండబెట్టిన అరబికా. ‘చెర్రీ’ అంటే పండుగానే ఎండబెట్టింది. ‘పీబెర్రీ’ అంటే రెండు బద్దలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగింది. నా ఓటు దానికే, మూకుట్లో దొర్లుతూ సమంగా వేగుతుంది.

మందపాటి ఇనుప మూకుడు, పావుకిలో గింజ. శెనక్కాయలు వేయించే చేయి చాలు, కానీ ఆగకూడదు. పచ్చన పసుపవుతుంది, కాల్చిన రొట్టె వాసన వస్తుంది, గోధుమరంగుకు తిరుగుతుంది. పది పదిహేను నిమిషాల్లో చిటపటమని పగిలి పొట్టు రాలుస్తుంది. ఆ చప్పుడు తగ్గగానే దించితే అరబికా పులుపు నిలుస్తుంది. నూనె తేలి నల్లబడేదాకా ఉంచితే ఏ కొండ గింజైనా ఒకే చేదు. వెంటనే చెరిగి చల్లార్చాలి, లేకుంటే తన వేడికి తానే మాడుతుంది. కిలోకి 850 గ్రాములకు అటూ ఇటూ మిగులుతుంది. ఒకరోజు ఆగి పొడి కొట్టాలి.

2019లో ‘బాబాబుడన్‌గిరి అరబికా’కు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. మన ఆదివాసులు పండించే అరకు అరబికాకూ అప్పుడే వచ్చింది. ఫకీరు పేరు అలా సర్కారు ముద్ర అయింది. ఆ కొండ మీది గుహ దగ్గర మాత్రం ఆ పేరు మీదే తగువు. దత్తాత్రేయుడని హిందువులు, బాబా అని ముస్లిములు ఒకే గుహకు మొక్కిన చోటది. మా జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు మొక్కే హిందువులను చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. 1990ల చివరి నుంచి అక్కడ ‘విముక్తి’ నినాదాలు పెరిగాయి. పూజ ముజావర్ చేతిలోనే ఉంచుతూ కర్ణాటక ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వును 2021లో హైకోర్టు కొట్టేసింది. గింజకు పనికొచ్చిన పేరు గుహకు ఎందుకు బరువైందో, ఆ కాఫీ తాగుతున్నవాళ్లే చెప్పాలి.